తీగలు చెల్లికి, చెట్లు అన్నకి

దోన్ అనస్తాసియో ఇబార్రా ఆఖరి ఘడియ వరకూ స్పృహలోనే ఉన్నాడు. అందుకే ఆయన చేసిన పంపకం పిచ్చిమాటలని తర్వాత ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. భార్య సెరాపియానీ, పక్క తోట హిలారియోన్నీ మంచం దగ్గర నిలబెట్టుకుని, గొంతు సవరించుకుని మరీ చెప్పాడు.

"తోటలో తీగలు బెనితాకి. చెట్లు ఎమెతెరియోకి."

హిలారియోన్ తాను సరిగా వినలేదనుకున్నాడు. "మరి నేల ఎవరికి కంపాద్రే?"

"నేల భూతల్లిది. దాన్ని పంచడానికి నేనెవణ్ణి?"

"నయం, ఆవు ముందుకాళ్ళు ఒకరికి, వెనక కాళ్ళు ఒకరికి రాయలేదు," అన్నాడు హిలారియోన్. చావు మంచం దగ్గర అనాల్సిన మాట కాదు గానీ అందరికీ నవ్వొచ్చింది. రోగికి కూడా వచ్చింది.

"రెండూ విడదీస్తే రెండూ చెడతాయి. ఇద్దరూ ఒకచోట పడుంటారు," అన్నాడాయన. ఆ మాట అంటూ మంచం కాళ్ళ వైపు నిలబడ్డ కూతురు బెనితాను చూశాడే తప్ప, పక్కనే ఉన్న కొడుకు ఎమెతెరియోను చూడలేదు.

సింతి లోయలో ద్రాక్షను పందిళ్ళ మీద పాకించరు. మొల్యే చెట్టు మొదట్లో తీగ నాటితే అది చెట్టును పట్టుకుని పైకెక్కుతుంది. కొమ్మల నీడ లేకపోతే ఎర్రకొండల వేడికి గుత్తులు మాడిపోతాయి. ఏరు పొంగినప్పుడు నీళ్ళు కింద పోతాయి, పళ్ళు పైన క్షేమంగా ఉంటాయి. మొల్యే గింజలు మిరియాల్లా ఘాటుగా ఉంటాయి, ఆ వాసన ఎలాగో పళ్ళలోకి దిగి వైన్‌లో తేలుతుంది. ఆ వాసన లేని ఎర్ర వైన్‌ను లోయలో వాళ్ళు చర్చిలో ఫాదరుకిస్తారు గానీ తాము తాగరు.

బెనితా అప్పటికి తరిహా పట్టణంలో ఒక భోజనాల హోటల్లో వంట చేస్తుండేది. నలభై దాటింది, పెళ్ళి కాలేదు. తండ్రికి బాగాలేదని తెలిసి వచ్చి, అంత్యక్రియలయ్యాక తోటలోకి వెళ్ళి చూసింది. ఆయన మంచాన పడ్డాక తోటను పట్టించుకున్నవాళ్ళు లేరు. తీగలు కత్తెర చూడక చెట్ల నెత్తిన జడలు కట్టి ఉన్నాయి. కింది చిగుళ్ళు మేకలు తినేశాయి. వైన్ కొట్టులో పాతిన మట్టి బానల్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. హోటల్‌వాళ్ళకు రానని కబురు పంపింది.

బానలు కడగడానికే ఒక చలికాలం పట్టింది. వేడినీళ్ళు, బూడిద, మళ్ళీ వేడినీళ్ళు. ప్రతిసారీ తల బాన లోపలికి పెట్టి వాసన చూసేది. కోడి వాసన పోయిందని ముక్కు ఒప్పుకునేదాకా వదల్లేదు. నిచ్చెన వేసుకుని ఒక్కో తీగనూ చూసి ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చి కత్తిరించింది. చేతులకు అంటిన మొల్యే జిగురు సబ్బుకు పోదు, నూనె రాయాలి. ఆమె తలగడ కూడా ఆ వాసనే వేసేది.

మొదటి ఏడు వైన్ పులిసి వెనిగర్ అయింది. ఎమెతెరియో ఒక సీసా పట్టుకెళ్ళి లారీ డ్రైవర్లు ఆగే సారాకొట్టులో బల్ల మీద పెట్టి, "మా చెల్లెలు పట్నంలో నేర్చుకొచ్చిన విద్య ఇది. తాగకండి, ఉల్లిపాయల మీద చల్లుకోండి," అన్నాడట. అతనిది ఉల్లిపాయల లారీ. తోటలోకి అడుగు పెట్టేవాడు కాదు గానీ మధ్యాహ్నం భోజనానికి మాత్రం పాత ఇంటికి తప్పకుండా వచ్చేవాడు. వేరుశనగ సూప్‌లో మాంసం ముక్క తల్లి అతనికే వేసేది.

రెండో ఏడు వైన్ ఎలుక మూత్రం వాసన వేసింది. మూడో ఏడు కుదిరింది. బెనితా మొదటి గుక్క నేలకు పోసి, రెండోది తను తాగింది. తర్వాత ఒక కప్పు తల్లికి తెచ్చి ఇచ్చింది. సెరాపియా నాలుక మీద తిప్పి తిప్పి మింగింది.

"మీ నాన్న చేసినదాంట్లో సగం కూడా లేదు," అని కప్పు మళ్ళీ చాపింది.

కమర్గో సంతలో ఆ వైన్‌కు బహుమతి రిబ్బను కట్టారు. సంత నుంచి తిరిగొస్తుండగా దారిలో లారీ ఆపి ఎమెతెరియో ఆమెను ఎక్కించుకున్నాడు. ఆమె ఊళ్ళో దిగేటప్పుడు అన్నాడు.

"మన చెట్లు బాగా కాశాయన్నమాట."

ఆ 'మన' అన్న మాటకు బెనితా ఆనాడు ఎంత పిచ్చిదంటే, సంతోషపడింది.

తోటలో అన్నిటికంటే పెద్ద మొల్యేను ఇంట్లో తాత చెట్టు అనేవారు. దాని మానుకు పాకిన తీగ తొడంత లావుది, తోటలోని మిగిలిన తీగలన్నీ దాని కొమ్మల నుంచి పుట్టినవే. కత్తిరింపుల కాలంలో బెనితా ఆ చెట్టు ఎడమ కొమ్మను కత్తెర పిడితో తట్టింది. ఎండిన గుమ్మడికాయను తట్టినట్టు పలికింది. కొంచెం అవతల తట్టింది. అదే డొల్ల చప్పుడు. బెరడు పగుల్లోంచి చీమలు బయటికొచ్చాయి. ఆమె ఒక పంగల గుంజ తెచ్చి కొమ్మ కింద ఊతంగా నిలబెట్టింది.

మర్నాడు ఎమెతెరియో వచ్చి ఆ గుంజను కాలితో తన్ని పడగొట్టాడు.

"నా చెట్టుకు కర్ర ఎవరు పెట్టమన్నారు?"

"కొమ్మ లోపల డొల్లయింది అన్నయ్యా. విరిగితే తీగ కూడా పోతుంది."

"నీ తీగను చెట్టెక్కమని నేను పిలిచానా?"

"కోసేయనివ్వు పోనీ. తీగను మెల్లిగా ఇటు తిప్పుకుంటాను."

"తీగలు నీవి. వాటికి జడలల్లుకో, పూలు పెట్టుకో, నాకనవసరం. చెట్లు నావి. ఏ కొమ్మ ఎలా ఉందో నాకు తెలుసు. నువ్వు నాకు చెప్పొద్దు." అతను అటూ ఇటూ చూశాడు. "నీకు మాటతో చెప్తే అర్థం కాదులే."

లారీలోంచి గొడ్డలి తెచ్చాడు. తోట మూలనున్న చిన్న మొల్యేను ఎంచుకున్నాడు. నరకడానికి ముందు ఆ చెట్టు మీది తీగను తన చేతులతో, ఒక్క చిగురు తెగకుండా, పసిపిల్ల జుట్టు చిక్కు తీసినంత ఓపికగా విప్పాడు. నేల మీద బారుగా పరిచాడు. తర్వాత చెట్టు కొట్టేశాడు.

"ఇదిగో, నీ సొత్తు నీకు. ఆకు కూడా ముట్టుకోలేదు. సరిచూసుకో."

బెనితా ఆ తీగకు గుంజలు పాతి తాళ్ళు కట్టి నిలబెట్టింది. ఆ వేసవిలో దాని గుత్తులు కొండల సెగకు కిస్మిస్‌లా ఎండిపోయాయి. ఎమెతెరియో భోజనానికి వచ్చినప్పుడల్లా గిన్నె చేత్తో పట్టుకుని ఆ మూలకు వెళ్ళి, గుంజల మధ్య నిలబడి తినేవాడు.

ఆ తర్వాత అతను అడిగింది చాలా చిన్న విషయంలా కనిపించింది. సీసాల మీద తన పేరుండాలి. ఎవరైనా చూడటానికి వస్తే వైన్ చేసేవాడు తానేనని చెప్పాలి. లేకపోతే గొడ్డలి లారీలోనే ఉంది.

బెనితా తల్లి వైపు చూసింది. సెరాపియా మొక్కజొన్నలు వలుస్తోంది.

"ఇంటి పేరు ఒకటేగా. దానికింత రాద్ధాంతం ఎందుకు?"

"చేసేది నేను కదమ్మా."

"వండేది కూడా నువ్వే. తినేవాళ్ళు నీ పేరు చెప్పుకుని తింటున్నారా? ఆడదాని పేరు సీసా మీద వేస్తే సారాకొట్టు పేరులా ఉంటుంది. వాడు మగవాడు, నలుగురిలో తిరిగేవాడు. నీకు పేరెందుకే? పిల్లా పీచా, ఎవరికి ఇచ్చి పోతావు?"

సీసాల మీద ఎమెతెరియో పేరు పడింది.

అలా రెండు పంటలు నడిచాయి. వచ్చినవాళ్ళకు ఎమెతెరియో తండ్రి టోపీ పెట్టుకుని తోట చూపించేవాడు. బానలో పైకి తేలిన తొక్కలను రోజూ ఎలా కలియబెట్టాలో చెబుతూ చేతులు తిప్పేవాడు, సూప్ కలుపుతున్నట్టు. బెనితా పళ్ళెం పట్టుకుని వెనక నిలబడి ఉండేది. తొక్కలను తిప్పరు, కిందికి అదుముతారు.

మూడో పంటకు ముందు లా పాస్ నుంచి కబురొచ్చింది. అక్కడ రెబెకా అనే ఆవిడకు పెద్ద భోజనశాల ఉంది. ఏటా పంట మొత్తం తీసుకుంటానంది. ఒకటే షరతు. సీసా మీద వైన్ చేసిన మనిషి ఫోటో వేస్తుంది, అందుకని పంట కోసే రోజున స్వయంగా వచ్చి ఆ మనిషి పనిలో ఉండగా చూడాలి.

ఎమెతెరియో గడ్డం గీయించుకున్నాడు. బెనితా ఆ సాయంత్రం తల్లి కాళ్ళకు నూనె రాస్తూ అడిగింది.

"ఈ ఒక్కసారికి నన్ను చెప్పుకోనివ్వమ్మా. ఇప్పుడు వాడి ముఖం సీసా మీద పడితే ఇక చచ్చేదాకా వాడిదే."

"నువ్వు నోరు తెరువు, వాడు మర్నాడే చెట్లన్నీ కొట్టిస్తాడు. వాడి మొండితనం నీకు తెలుసు, ఎవరి పోలికో నాకూ తెలుసు. ఆ కాలు కాదు, ఈ కాలు రాయి."

రెబెకా తెల్లచొక్కా వేసుకుని, పల్చగా, మర్యాదగా ఉంది. అడిగినవి కూడా తెలివైన ప్రశ్నలే. కోతకు సాయం వచ్చిన హిలారియోన్, అతని కోడళ్ళు బుట్టలతో నిలబడ్డారు. సెరాపియాకు నీడలో కుర్చీ వేశారు. రెబెకా తాత చెట్టు కింద ఆగి తలెత్తి చూసింది.

"అంత పైనున్న గుత్తులు ఎలా కోస్తారు దోన్ ఎమెతెరియో?"

"ఎక్కుతాం సెన్యోరా. కోతుల్లాగా."

"మీరే ఎక్కుతారా?"

"నేను కాకపోతే ఇంకెవరెక్కుతారు?"

"అయితే ఒక్క ఫోటో. పైన, గుత్తుల మధ్యలో." ఆవిడ బెనితా వైపు తిరిగి చిరునవ్వు నవ్వింది. "మీరేం చేస్తారమ్మా ఇక్కడ?"

బెనితా నోరు తెరిచేలోపే ఎమెతెరియో అందుకున్నాడు.

"మా చెల్లెలు. వంట బాగా చేస్తుంది. తోట సంగతంటారా, దానికి పండుకూ పచ్చికాయకూ తేడా తెలియదు. బుట్ట పట్టుకోమంటే పట్టుకుంటుంది, పాపం."

కోడళ్ళు నవ్వారు. హిలారియోన్ తన చెప్పులు చూసుకున్నాడు. సెరాపియా కుర్చీలోంచి, "చిన్నప్పటి నుంచీ అంతే," అని కలిపింది.

ఎమెతెరియో నిచ్చెన ఎక్కాడు. ఉల్లిపాయల లారీలో కూర్చుని కూర్చుని పొట్ట పెరిగిన మనిషి. పంగ దగ్గరికి చేరి, రొప్పుతూ, ఆ రొప్పు కనపడకుండా టోపీ సర్దుకున్నాడు. అక్కడి నుంచి చెట్టు రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ సన్నం, గుత్తులు తక్కువ. ఎడమది లావు. ఆకుల్లో నల్లగా నిగనిగలాడుతూ గుత్తులు వేలాడుతున్నాయి.

"బెనితా! గుత్తులు ఎటువైపు ఎక్కువున్నాయే?"

"ఎడమ వైపు," అంది బెనితా. అది నిజమే.

అతను ఒక కాలు ఎడమ కొమ్మ మీద పెట్టి, ఏదో తట్టినట్టు ఆగాడు. గుంజను తన్నిన రోజు గుర్తొచ్చిందో, కాలికింద బెరడు కదిలిందో. కిందికి చూశాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"ఇది ఆగుతుందా?"

బెనితా తలెత్తి కొమ్మను కాక తీగను చూసింది. తొడంత లావు మాను, తండ్రి తాతలు నాటింది, తాను ఏళ్ళ తరబడి నిచ్చెన మీద నిలబడి బతికించుకున్నది. కొమ్మతో పాటు అదీ వస్తుంది. ఆ లెక్క ఆమె మనసులో స్పష్టంగా, బియ్యం కొలిచినంత నెమ్మదిగా జరిగింది.

"చెట్లు నీవి కదా అన్నయ్యా," అంది అందరికీ వినబడేలా. "ఏ కొమ్మ ఎలా ఉందో నీకు తెలియదా?"

కోడళ్ళు మళ్ళీ నవ్వారు. రెబెకా కెమెరా ఎత్తింది. ఎమెతెరియో కూడా నవ్వాడు, నవ్వక తప్పలేదు. రెండో కాలు పెట్టాడు.

కొమ్మ విరిగినట్టు చప్పుడు రాలేదు. గుమ్మడికాయ పగిలినట్టు వచ్చింది. కొమ్మ, మనిషి, తీగ, ఏడాది పంట కలిసి కిందపడ్డాయి. టోపీ మాత్రం కాస్త ఆలస్యంగా పడింది.

అందరూ పరుగెత్తారు. బెనితా కూడా పరుగెత్తింది. కానీ ఆమె మోకాళ్ళ మీద కూలబడింది అన్న దగ్గర కాదు. తీగ మాను నిలువునా చీలి, తెల్లటి లోపలి చెక్క బయటపడి ఉంది. ఆమె నడుముకు కట్టుకున్న వంటగుడ్డ విప్పి, రెండు చీలికలనూ దగ్గరికి నొక్కి, గట్టిగా చుట్టి ముడేసింది. రెండో ముడి కూడా వేశాక లేచి అన్న దగ్గరికి వెళ్ళింది. అప్పటికి అతను అరవడం ఆపి, "నా కాళ్ళేవి? నా కాళ్ళేవి?" అని అడుగుతున్నాడు. కాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

అతని లారీలోనే అతన్ని పడుకోబెట్టి హిలారియోన్ కమర్గో తీసుకెళ్ళాడు, అక్కడి నుంచి సుక్రె ఆసుపత్రికి పంపించారు. సెరాపియా గుండెలు బాదుకుంటూ లారీ ఎక్కింది. ఎక్కుతూ కూతురితో, "నీ నోట్లో మన్నుపడ," అంది.

తోటలో కోసిన బుట్టలు ఎండలో మిగిలాయి. బెనితా వాటిని ఒక్కొక్కటే కొట్టులోకి మోసింది. కాళ్ళు కడుక్కుని, పావడా మోకాళ్ళ పైకి దోపుకుని తొట్టిలోకి దిగింది. పడిపోయిన గుత్తులను కూడా వదల్లేదు, మట్టి తుడిచి వేసుకుంది. రెబెకా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

"మీ అన్నగారు అక్కడ అలా ఉంటే…"

"ఆ సంగతి ద్రాక్షకు తెలియదు కదమ్మా. రేపటికి పులుస్తుంది."

ఆవిడ చాలాసేపు ఆ కాళ్ళనే చూసింది. తొక్కలను అదిమే చేతులనూ చూసింది. తోటలో తీగ మాను చుట్టూ ఉన్న వంటగుడ్డను కూడా దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది. ఏదో అడగబోయి మానేసింది. మంచి వైన్ దొరికినవాళ్ళు ఎక్కువ ప్రశ్నలు అడగరు. ఫోటో తీసుకుని, సీసా మీద ఏ పేరు వేయమంటారని మాత్రం అడిగింది.

"బెనితా ఇబార్రా," అంది బెనితా. స్పెల్లింగు కూడా చెప్పింది.

ఎమెతెరియో నడుము కింద ఇక కదల్లేదు, తనంతట తాను లేచి కూర్చోలేడు. లారీ అమ్మేశారు. అతన్ని పాత ఇంట్లో తోట వైపు కిటికీ పక్కన పడుకోబెట్టారు, ఎందుకంటే వెలుతురు అక్కడే బాగుంటుంది. తల్లికి అతన్ని పక్కకు ఒత్తిగిలించే బలం లేదు. గుడ్డలు మార్చడం, తుడవడం, తినిపించడం అంతా బెనితా చేతుల మీదే. ఆమె ఏ పనీ అశ్రద్ధగా చేసేది కాదు. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు.

కార్నివాల్ పండగ ముందు ఒక పొద్దున వాకిట్లో ఎవరో రంపాలు దించిన చప్పుడైంది. బొగ్గుబట్టీవాడు. హిలారియోన్ కోడలి చేత కబురు పెట్టించి ఎమెతెరియోనే పిలిపించాడు.

"చెట్లన్నీ ఇచ్చేశాను," అన్నాడు కిటికీ లోంచి చూస్తూ. "నావి. అడగడానికి నువ్వెవరు?"

"నేనేమీ అడగలేదే," అంది బెనితా. ఆమె చేతిలో సూప్ గిన్నె ఉంది. ఒక చెంచా తీసి అతని పెదవుల దాకా తెచ్చి ఆపింది. "చెట్లు నీవి. చెంచా నాది."

గిన్నెను అతని చెయ్యి అందని ముక్కాలిపీట మీద పెట్టి, మూత వేయకుండా, బయటికి వెళ్ళిపోయింది. బొగ్గుబట్టీవాణ్ణి నీడలో కూర్చోబెట్టి ఉడికించిన మొక్కజొన్న, జున్ను పెట్టింది. మా అన్నయ్య ఇంకా ఒకసారి ఆలోచించుకుంటున్నాడు, ఆగమంది.

మధ్యాహ్నం దాటింది. సూప్ మీద నూనె పేరుకుంది. పక్కబట్టలు తడిశాయి. సెరాపియా గిన్నె ఎత్తబోయి బలం చాలక సగం ఒలకబోసింది. వాకిట్లోకి వచ్చి, "వాడు నీ అన్నే," అంది.

"అవును. తెలుసు."

"నువ్వు మనిషివా?"

"నాకు పండుకూ పచ్చికాయకూ తేడా తెలియదమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే."

సాయంత్రం కిటికీ లోంచి గొంతు వినబడింది. మొదట సన్నగా, తర్వాత ఏడుపుతో.

"పంపించెయ్. వాణ్ణి పంపించెయ్యవే."

బెనితా బొగ్గుబట్టీవాడికి దారిలో తాగడానికి ఒక సీసా ఇచ్చి సాగనంపింది. వేడినీళ్ళు కాచి, అన్నను శుభ్రంగా తుడిచి, పొడిబట్టలు వేసి, సూప్ మళ్ళీ వేడి చేసి తినిపించింది. మాంసం ముక్క వేసింది. ఎముక తీసి వేసింది.

కార్నివాల్ మంగళవారం నాడు లోయలో ఎవరి సొత్తుకు వాళ్ళు రంగుకాగితాలు కట్టి, భూతల్లికి పోసి, పూజ చేసుకుంటారు. ఆమె ఎమెతెరియోను కుర్చీలో కట్టి హిలారియోన్ సాయంతో తోటలోకి తెచ్చింది. తండ్రి టోపీ పెట్టింది. కప్పు నిండా వైన్ పోసి చేతికిచ్చింది. అతను చెట్ల మొదట్లో పోశాడు. ఆమె తీగల మొదట్లో పోసింది. రెండూ ఒకే మట్టిలోకి ఇంకాయి. కప్పులోకి వంచిన సీసా మీద ఎవరి బొమ్మ ఉందో అతను చూడకుండా ముఖం తిప్పుకున్నాడు.

వంటగుడ్డ కట్టు కింద నుంచి, చచ్చిందనుకున్న తాత తీగ ఒకే ఒక చిగురు పెట్టింది. అది నేల మీద పాకుతూ పక్క మొల్యే వైపు తల తిప్పింది. బెనితా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, హిలారియోన్, అతని కోడళ్ళు, ఊళ్ళోంచి వచ్చినవాళ్ళు అందరూ వింటుండగా అడిగింది.

"అన్నయ్యా, దీన్ని నీ చెట్టుకు ఎక్కించుకోనా?"

ఆమె చిగురు అలాగే పట్టుకుని నిలబడింది. సెరాపియా తన కుర్చీలోంచి కూతుర్నీ కొడుకునీ మార్చి మార్చి చూసి, "మీ నాన్న చెప్పినట్టే అయింది. ఇద్దరూ ఒకచోటే పడున్నారు," అని గొణిగింది. కోడళ్ళలో ఒకతి నవ్వబోయి మానుకుంది.

"వినబడలేదేమో," అని బెనితా ఇంకా మెత్తగా, ఇంకా గట్టిగా, మళ్ళీ మొదటి నుంచి అడిగింది. "అన్నయ్యా, చెట్లు నీవి కదా. దీన్ని నీ చెట్టుకు ఎక్కించుకోనా?"

"ఎక్కించుకో," అన్నాడు ఎమెతెరియో.